పెండ్లిపత్రిక: కాగితమా, ఫోనా?

*చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమల్లో సాగుతున్న తర్జనభర్జనపై ఒక సమీక్ష*

ముహూర్తం కుదిరాక కల్యాణ మంటపం, వంటవాళ్ళు, బట్టలు, నగలు ఒక్కొక్కటిగా తేలిపోతాయి. పెండ్లివారి ఇళ్ళలో ఈ పదేళ్ళుగా తేలని లెక్క ఒకటుంది. పత్రికలు ఎన్ని కొట్టించాలి? ఎవరి చేతికివ్వాలి? ఎవరికి వాట్సాప్‌లో పంపితే చాలు?

ఈ ప్రశ్న తెలుగువాళ్ళున్న ప్రతిచోటా ఉంది. చిక్కబళ్ళాపురం జిల్లాలో దానికి మరికొన్ని ముడులు పడ్డాయి. ఇక్కడ చాలా ఇళ్ళలో నోటిమాట తెలుగు, బడిలో నేర్చిన రాత కన్నడం. వియ్యంకుల్లో ఒకరు బాగేపల్లిలో ఉంటే ఇంకొకరు హిందూపురంలోనో, కదిరిలోనో, మదనపల్లెలోనో ఉంటారు. పిల్లల ఉద్యోగాలు బెంగళూరులో. పిలవాల్సినవాళ్ళు ఇన్ని చోట్ల, ఇన్ని అలవాట్లతో ఉన్నప్పుడు ఒక్క పత్రికతో అందరినీ మెప్పించడం కష్టం.

వాదన పెరిగేకొద్దీ వేర్వేరు సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పెద్దలు మర్యాద గురించి అడిగితే పిల్లలు ఖర్చు గురించి జవాబు చెబుతారు. ఒకరు చెట్లు నరుకుతున్నారంటే ఇంకొకరు ఆచారం పోతోందంటారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు, కానీ ఎవరూ ఎదుటివారి ప్రశ్నకు జవాబివ్వరు. అందుకే ముందు చరిత్రను, తర్వాత వాదాలను, చివర మిగిలిన సందేహాలను వేరువేరుగా చూడాలి.

పిలుపు నడిచివచ్చిన దారి

అచ్చుపత్రిక అనాదిగా వస్తున్న ఆచారమని చాలామంది నమ్మకం. వయసులో అది చిన్నదే. పల్లెల్లో పెండ్లి పిలుపు మొదట నోటిమాట. పసుపు, కుంకుమ, అక్షింతలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పిలిచేవారు. ఆ పిలుపులోనూ తరగతులుండేవి. ఇంటిల్లిపాదినీ రమ్మనడం వేరు, ఇంటికొకరు రండి అనడం వేరు. ఏ ఇంటికి ఏ పిలుపు వచ్చిందో ఊరంతటికీ తెలిసేది. దూరపు బంధువులకు మాత్రం నాలుగు మూలలా పసుపు పూసిన ఉత్తరం వెళ్ళేది.

పురోహితుడు రాసే లగ్నపత్రిక దీనికి భిన్నం. అది నిశ్చితార్థం నాడు ఇరువైపుల పెద్దల ముందు చదివి, మార్చుకునే ఒప్పందం. వచ్చేవాళ్ళ కోసం రాసినది కాదు. కన్నడ వాడుకలో అచ్చు ఆహ్వానాన్నీ లగ్నపత్రికె అనే అంటారు గనుక ఈ సీమలో రెండూ ఒక్కటే అన్న భావన ఉంది.

తాలూకా కేంద్రాలకు ముద్రణాలయాలు వచ్చాక శుభలేఖ సామాన్యుడి ఇంటికి చేరింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, ట్రెడిల్ యంత్రం మీద పసుపు, గులాబి కాగితాలపై ఎర్ర సిరాతో కొట్టేవారు. కవరు అతికించకుండా బుక్ పోస్టులో వేస్తే టపా ఖర్చు తక్కువయ్యేది. 1990ల్లో కంప్యూటర్ కంపోజింగ్ వచ్చి సీసపు అక్షరాలను మూలన పెట్టింది. కన్నడానికి బరహ, నుడి, తెలుగుకు అను ఫాంట్లు అలవాటయ్యాయి. శివకాశి నుంచి, ఢిల్లీ చావ్డీ బజార్ నుంచి బొమ్మలద్దిన ఖాళీ కార్డులు దిగుమతి కావడంతో ఊళ్ళో ప్రెస్సువాళ్ళ పని లోపలి మ్యాటర్ అచ్చువేయడానికి కుదించుకుపోయింది. చేతిలో డబ్బున్నవాళ్ళు పెండ్లి బట్టల కోసం బెంగళూరు చిక్కపేటకు వెళ్ళినప్పుడే ఆ చుట్టుపక్కల వీధుల్లో కార్డులూ చూసుకుని వచ్చేవారు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ఇదే కాలంలో ఉర్దూ పత్రికలు రాసే కాతిబుల చేతిరాతను కంప్యూటర్ మింగేసింది. అంటే ఇప్పుడు మనం ఆచారమని కాపాడాలంటున్న మెరుపు కార్డు కూడా ఒక పాత పనితనాన్ని తోసుకుని వచ్చినదే.

తర్వాతి మలుపు ఫోనుది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక డేటా చవకై, బొమ్మలు, వీడియోలు పంపడం పల్లెలకూ అలవాటైంది. అదే ఏడాది నవంబరు 16న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో బళ్ళారికి చెందిన మాజీ మంత్రి గాలి జనార్దనరెడ్డి తన కూతురి పెండ్లి చేశారు. పెద్ద నోట్ల రద్దు ప్రకటించి అప్పటికి ఎనిమిది రోజులు. ఆ పెండ్లి ఆహ్వానం ఒక పెట్టె. మూత తెరిస్తే చిన్న తెర వెలిగి, కుటుంబమంతా పాట పాడుతూ పిలిచే వీడియో నడుస్తుంది. కాగితమూ తెరా కలిసిన ఆ పెట్టె దేశమంతా చర్చకెక్కింది. డిజిటల్ అంటే పొదుపు అన్న సూత్రం అన్నివేళలా నిలవదని అప్పుడే తేలిపోయింది.

2020లో కరోనా ఈ మార్పును పరుగెత్తించింది. కేంద్రం పెండ్లికి 50 మందికి మించి రాకూడదన్నప్పుడు వందల పత్రికలు కొట్టించడంలో అర్థం లేకపోయింది. ఫోన్లో పంపిన పత్రికకు చాలా ఇళ్ళు మొదటిసారి ఒప్పుకున్నది ఆ రోజుల్లోనే. ఆంక్షలు పోయాక మంటపాలు మళ్ళీ నిండాయి, కానీ ఫోను పత్రిక మాత్రం వెనక్కి పోలేదు. కాగితమూ పూర్తిగా పోలేదు. అంతకుముందు 2013 జులైలో టెలిగ్రాఫ్ సేవ ఆగిపోయినప్పుడు పెండ్లి శుభాకాంక్షల తంతి కూడా దానితోపాటే పోయింది. దాన్ని తిరిగి తెమ్మని పెద్దగా ఎవరూ అడగలేదు. కాగితం పత్రిక విషయంలో అలా జరగడం లేదంటే దానికి కారణాలు వెతకాలి.

రెండు భాషలు, రెండు లిపులు, రెండు రాష్ట్రాలు

చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది. 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 12.55 లక్షలు, అక్షరాస్యత దాదాపు 70 శాతం. జాతీయ రహదారి 44 చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి వెళ్తుంది. ఆ రహదారి వెంబడే పెండ్లి సంబంధాలూ సాగుతాయి. చింతామణి తాలూకా కైవారంలో యోగి నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశారు. ఈ నేలకు రెండు భాషల అలవాటు పాతదే.

పెండ్లిపత్రికలో ఆ రెండూ తారసపడతాయి. చాలా పత్రికలు కన్నడ పద్ధతిలో పైన ఇష్టదైవం పేరుతో మొదలవుతాయి. బాగేపల్లి వైపు గడిదం వెంకటరమణస్వామి, కైవారం వైపు అమరనారేయణస్వామి, చిక్కబళ్ళాపురం వైపు నంది భోగనందీశ్వరుడు కనిపిస్తారు. దాని కింద ‘మమతెయ కరెయోలె’ (మమతతో పిలుపు) అని శీర్షిక, చివర ‘ఆశీర్వాదవే ఉడుగొరె’ (ఆశీర్వాదమే కానుక) అని విన్నపం. ఇదంతా చదివి, పిలిచేవారూ పిలిపించుకునేవారూ మాట్లాడుకునేది తెలుగులో. సరిహద్దు దాటిన బంధువుకు ఆ కన్నడ అక్షరాలు అందవు. బాగేపల్లి పిల్లలకు తెలుగు అక్షరాలు అందవు. దాంతో కొందరు ఒక వైపు కన్నడం, మరో వైపు తెలుగు వేయిస్తారు. కొందరు రెండు విడివిడి కట్టలు కొట్టిస్తారు. ఇంకొందరు ఇంగ్లీషుకు మారిపోయి, ఇద్దరిదీ కాని మూడో భాషతో సర్దుకుంటారు. ముస్లిం ఇళ్ళలో రుఖ్ఖాకు, అంటే పెండ్లిపత్రికకు, ఉర్దూ ఒక వైపు, కన్నడమో ఇంగ్లీషో మరో వైపు ఉండటం మామూలే.

ఆచారాల తేడా కూడా పత్రికలో స్పష్టం కావాలి. బెంగళూరు, కోలారు వైపు ఆరతక్షతె, అంటే రిసెప్షన్, ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే జరుగుతుంది. ఆంధ్ర వైపు రిసెప్షన్ పెండ్లి అయ్యాక. పత్రికలో తేదీలు తేటగా లేకపోతే అటునుంచి వచ్చే బంధువులు ఒక రోజు ఆలస్యంగా బయల్దేరతారు. కాగితం మీద ఒక్క మూల చిన్న అక్షరాల్లో ఉన్న ఈ సంగతిని ఫోన్లో పంపినప్పుడు విడిగా ఒక మాట రాసి చెప్పవచ్చు.

బోర్డుల మీద కన్నడం 60 శాతం ఉండాలన్న కర్ణాటక నిబంధన వాణిజ్య సంస్థలకు వర్తిస్తుందే కాని ఇంటి శుభలేఖకు కాదు. పత్రిక భాష పూర్తిగా ఇంటివారి ఇష్టం. కాకపోతే భాషకు ఇక్కడ బరువెక్కువ. బాగేపల్లి పేరును భాగ్యనగర అని మార్చాలని 2025 జులైలో నందిబెట్ట మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం నిర్ణయించింది. ఊరి పేరే రెండు రకాలుగా వినిపించే చోట మంటపం చిరునామా రాయడం కూడా ఆలోచించి చేయాల్సిన పనే.

మొదటి వాదం: కాగితమే పిలుపు

కాగితం పక్షం వాళ్ళ అసలు మాట కాగితం గురించి కాదు, గడప గురించి. పత్రిక పట్టుకుని ఇంటికి వస్తే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మంచిచెడ్డలు అడగాలి. పిలిచేవారు కుంకుమ పెట్టి, ఇంటిల్లిపాదీ రావాలంటారు. పొరపొచ్చాలున్న అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోవడానికి పెండ్లి పిలుపు ఒక సాకు. ఫోనులో బొమ్మ పంపితే ఆ సాకు పోతుంది. వచ్చి పిలవలేదు కాబట్టి వెళ్ళం అని అలిగేవాళ్ళు ఈ సీమలో ఇంకా తక్కువేం కాదు. పిలవని పేరంటానికి వెళ్ళామన్న మాట పడకూడదన్నదే వాళ్ళ భయం.

రెండో కారణం దైవం. మొదటి పత్రిక ఇలవేలుపు ముందు పెట్టాకే పంచడం మొదలవుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానానికి పత్రిక పంపితే అక్షింతలు, కుంకుమ తిరిగి వస్తాయన్న ఆశతో టపాలో వేసేవారు ఎందరో. నాలుగు మూలల పసుపు కూడా ఇందులో భాగమే. చావుకబురు కాగితానికి పసుపు పూయరు కనుక ఆ రంగు చూడగానే మంచి వార్త అని తెలిసిపోతుంది.

మూడోది పేర్ల వరుస. ఆహ్వానించేవారిగా తాతలు, పెదనాన్నలు, మేనమామలు, బావమరదులు వయసు వారీగా పత్రికలో ఉండాలి. ఒక పేరు కిందికి జారితే పెద్ద గొడవ. బయటివారికి ఇది చాదస్తంగా కనిపించవచ్చు. ఈ పెండ్లికి మేమూ బాధ్యులం అని ఒక కుటుంబం లోకానికి చెప్పుకునే చోటు అదొక్కటే అని పెద్దల వాదన.

నాలుగోది చేరిక. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సొంతంగా వాడుకునే మొబైలున్న మహిళలు 54 శాతం, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 33 శాతం. ఆ తర్వాత ఈ సంఖ్యలు పెరిగే ఉంటాయి. అయినా ఫోను కొడుకు చేతిలో ఉన్న ఇంటికి పంపిన పత్రిక అత్తగారి దాకా చేరుతుందన్న భరోసా లేదు. గోడకు తగిలించిన కాగితం ఇంట్లో అందరి కంటా పడుతుంది.

రెండో వాదం: ఫోను చాలు

డిజిటల్ పక్షం మొదటి బలం లెక్క. ఒక్కో పత్రిక 15 రూపాయలు పడిందనుకుంటే 500 పత్రికలకు 7,500. దానికంటే పెద్ద ఖర్చు పంచడానిది. చింతామణి నుంచి మదనపల్లెకు, బాగేపల్లి నుంచి అనంతపురానికి, అక్కడినుంచి బెంగళూరు నలుమూలలకు బండి పెట్రోలు, సెలవుపెట్టిన రోజుల కూలి కలిపితే అచ్చు ఖర్చు చిన్నబోతుంది. అప్పు తెచ్చి పెండ్లి చేసే ఇంటికి ఈ మాట తేలిక కాదు. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్న సామెత వానల మీద ఆధారపడిన బాగేపల్లి రైతుకు అనుభవంలో ఉన్నదే.

రెండో బలం దిద్దుబాటు. ముహూర్తం మారినా, మంటపం మారినా, మేనమామ పేరులో ఒక ఒత్తు తప్పినా అచ్చయిన కట్ట వృథా. ఫోను పత్రికను పది నిమిషాల్లో సరిచేసి మళ్ళీ పంపవచ్చు. కల్యాణ మంటపం దారి చూపే మ్యాప్ లింకు పెడితే రహదారి మీద నిలబడి దారి అడిగే పని తప్పుతుంది.

మూడోది ఈ సీమకు ప్రత్యేకం. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి తయారు చేయించుకోవడానికి డిజిటల్‌లో అదనపు ఖర్చు అతి తక్కువ. ఎవరికి ఏ లిపి వస్తే అది పంపవచ్చు. చదువురాని పెద్దమ్మకు అచ్చతెలుగులో గొంతు రికార్డు చేసి పంపితే లిపి అవసరమే ఉండదు. అచ్చుపత్రిక కన్నడానికి, ఇంగ్లీషుకు పరిమితమైన ఇళ్ళలో ఇంటి తెలుగు మళ్ళీ వినబడుతున్నది ఆ వాయిస్ మెసేజ్‌లోనే.

నాలుగోది చెత్త. రేకు అద్దిన, ప్లాస్టిక్ పొర వేసిన కార్డులు మామూలు కాగితంలా మళ్ళీ వాడకానికి పనికిరావు. కర్ణాటక 2016 మార్చిలో ప్లాస్టిక్‌పై నిషేధం విధించింది. 2022 జులై 1 నుంచి దేశమంతటా అమల్లోకొచ్చిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధ జాబితాలో మిఠాయి డబ్బాలు, సిగరెట్ పెట్టెలతోపాటు ఆహ్వాన పత్రికలకు చుట్టే పలుచటి ప్లాస్టిక్ కూడా ఉంది. దేవుడి బొమ్మలున్న కార్డును పెండ్లి అయ్యాక ఎక్కడ పడేయాలన్నది మరో ఇబ్బంది. చెత్తలో వేయడానికి చేయి రాదు, దాచడానికి చోటుండదు. గుడి రావిచెట్టు కింద పేరుకునే పాత పత్రికలు ఈ ఇబ్బందికి సాక్ష్యం.

మూడో వాదం: రెండూ కలపడం

ఇప్పుడు ఈ మూడు తాలూకాల్లో ఎక్కువ ఇళ్ళు నడుస్తున్నది మూడో దారిలో. కొద్ది పత్రికలు కాగితం మీద, మిగతావారికి ఫోను. ప్రెస్సులవాళ్ళు కూడా దీనికి సర్దుకున్నారు. కాగితం మ్యాటర్‌ను కంపోజ్ చేసినవారే దాన్ని బొమ్మగా, పీడీఎఫ్‌గా ఇస్తున్నారు. కార్డు మీద మంటపం దారికి క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. 2021 జనవరిలో మదురైలో ఒక జంట చదివింపులు పంపడానికి కూడా పత్రికపైనే క్యూఆర్ కోడ్ అచ్చువేయించి వార్తల్లోకెక్కింది. చదివింపులను ముయ్యి పద్దులో రాసుకుని, అవతలివారి ఇంట పెండ్లికి తిరిగి పెట్టే ఈ సీమలో అది ఇంకా కొరుకుడు పడలేదు. ‘ఆశీర్వాదవే ఉడుగొరె’ అని రాసి, పక్కనే డబ్బు పంపే కోడ్ పెట్టడం ఎబ్బెట్టుగా ఉంటుందన్న మాట సబబే.

కాగితాన్నే మార్చాలనే వాళ్ళూ ఉన్నారు. విత్తనాలు కలిపిన కాగితం, చేతిరుమాలు మీద అచ్చు, పెండ్లి తర్వాత సంచిగా పనికొచ్చే గుడ్డ కవరు వంటివి అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఖరీదు ఎక్కువ కావడంతో అవి మోజుగానే మిగిలాయి.

ఇంకో చిన్న పాయ ఉంది. ఆర్భాటమే వద్దనే వారిది. కువెంపు రూపొందించిన మంత్రమాంగల్య పద్ధతిలో నిరాడంబరంగా, కొద్దిమంది మధ్య జరిగే పెండ్లికి పెద్ద పత్రికే అక్కరలేదు. 1972 నుంచి ధర్మస్థలలో జరుగుతున్న సామూహిక వివాహాల్లో ఎన్నో జంటలకు ఒకే ఆహ్వానం. వాళ్ళ దృష్టిలో కాగితమా ఫోనా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎంతమందిని పిలుస్తున్నామన్నదే ప్రశ్న.

చట్టం కంటికి పత్రిక

ఈ చర్చలో తరచూ మరిచిపోయే పక్షం ప్రభుత్వం. పెండ్లిళ్ళ నమోదు తప్పనిసరి చేయాలని 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కర్ణాటకలో నమోదు చట్టం అంతకుముందే ఉంది. నమోదుకు వెళ్ళినప్పుడు వయసు, చిరునామా పత్రాలతోపాటు ఆహ్వాన పత్రిక, పెండ్లి ఫోటో అడగడం వాడుక. 2024 నుంచి కావేరి 2.0 ద్వారా ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకునే వీలు వచ్చింది. ఆఫీసు మారుతున్నా పది కాగితం పత్రికలైనా దాచుకోవడం తెలివైన పని.

ఇంకా గట్టి కారణం బాల్యవివాహాలు. 2006 కేంద్ర చట్టం ప్రకారం బాల్యవివాహాన్ని ప్రోత్సహించినవారికీ, జరగనిచ్చినవారికీ 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. కర్ణాటక తెచ్చిన 2016 సవరణతో ఈ రాష్ట్రంలో అలాంటి పెండ్లి మొదటి నుంచీ చెల్లదు. అందుకే పత్రిక కొట్టే ముందు వయసు రుజువు చూడమని అధికారులు ప్రెస్సులవారికి, మంటపాల యజమానులకు చెబుతుంటారు. రాజస్థాన్‌లో కొన్ని జిల్లాలు వధూవరుల పుట్టిన తేదీని పత్రికపై వేయాలని కూడా కోరాయి. ఈ లెక్కన ఊళ్ళో ప్రెస్సు ఒక కాపలా గడప. ఇంట్లో ఫోన్లో తయారయ్యే పత్రిక ఆ గడప తొక్కదు. డిజిటల్ పక్షం దీనికి ఇంతవరకూ సరైన జవాబివ్వలేదు. కాగితం పక్షం కూడా ఈ బలాన్ని చెప్పుకోదు.

పెండ్లి ప్రకటన అందరికీ మేలే చేస్తుందనీ అనుకోలేం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఆఫీసు గోడకు అంటిస్తారు. కేరళలో ఈ నోటీసులను వెబ్‌సైటులో పెడితే మతాంతర జంటలను వేధించడానికి కొందరు వాడుకున్నారు. 2020లో అక్కడి ప్రభుత్వం అలా పెట్టడం ఆపేసింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ నోటీసు ప్రచురణ జంట ఇష్టానికి వదలాలని చెప్పింది. గోడ మీద కాగితానికి ఊరి హద్దు ఉంది. తెర మీద నోటీసుకు ఏ హద్దూ లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఇప్పుడు వేలికి వర్తిస్తుంది.

మోసాలు, జారిపోయే సందేశాలు

ఫోను పత్రికతో వచ్చిన కొత్త ప్రమాదం దొంగ పత్రిక. పెండ్లి ఆహ్వానమని తెలియని నంబరు నుంచి ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే ఫోనులోకి దొంగ యాప్ చేరి బ్యాంకు వివరాలు లాగేస్తుంది. 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ సైబర్ పోలీసులు దీనిపై హెచ్చరించారు. నిజమైన పత్రిక బొమ్మగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకే రూపంలో ఏదైనా వస్తే తెరవకూడదు. డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి.

సాంకేతిక లోపాలూ ఉన్నాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పెట్టవచ్చు. కానీ మీ నంబరు తన ఫోనులో దాచుకోనివారికి ఆ సందేశం చేరదు. పంపినవారు అందిందనుకుంటారు, అందనివారు పిలవలేదనుకుంటారు. గ్రూపులో పడేసిన పత్రిక నూరు శుభోదయాల కింద కూరుకుపోతుంది. చూశారని చెప్పే నీలి గుర్తులకు, వస్తామన్న మాటకు మధ్య చాలా దూరం.

పోల్చి చూస్తే

- మర్యాద: చేతికిచ్చిన కాగితం ముందుంటుంది. ఫోను పత్రిక వెంట ఫోను పిలుపు ఉంటే కొంత దగ్గరికి వస్తుంది.
- వేగం, దిద్దుబాటు: డిజిటల్‌కు పోటీ లేదు. ముఖ్యంగా బెంగళూరుకు, అమెరికాకు, గల్ఫ్‌కు.
- భాష: రెండు లిపుల అవసరం డిజిటల్ చవకగా తీరుస్తుంది. గొంతు సందేశం లిపినే దాటిస్తుంది.
- ఖర్చు: డిజిటల్ తక్కువ, వీడియో ఆర్భాటం లేనంతవరకు.
- చేరిక: సొంత ఫోను లేనివారికి, వయసు మళ్ళినవారికి కాగితమే.
- చెత్త: సాదా కాగితం తక్కువ చెడు. రేకు, ప్లాస్టిక్ పొర ఉన్న కార్డు ఎక్కువ చెడు.
- నమోదు, వయసు పరిశీలన: కాగితం వైపు మొగ్గు.
- గోప్యత: కాగితానికి హద్దు ఉంటుంది. డిజిటల్‌కు పంపినవారి అదుపు ఉండదు.

ఇంకా తేలనివి

మొదటిది ప్రెస్సుల భవితవ్యం. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల మీద బతికే చిన్న ముద్రణాలయాలు పత్రికల సంఖ్య తగ్గితే ఎలా నిలబడతాయి? డిజైన్ పనికి తగిన ధర ఇవ్వడానికి గిరాకీదారులు ఇంకా అలవాటు పడలేదు. కాగితానికి డబ్బిచ్చేవారు ఫోను బొమ్మ ఉచితంగా రావాలనుకుంటారు.

రెండోది వయసు పరిశీలన. పత్రిక అచ్చుకు రాకపోతే ఆ పని ఎవరిది? మంటపాలదా, పురోహితులదా, నమోదు కార్యాలయానిదా? బాల్యవివాహాల నిరోధం గురించి మాట్లాడేవారు దీనికి జవాబు వెతకాలి.

మూడోది తెలుగు. సరిహద్దుకు అవతలివారి కోసం పత్రిక తెలుగులో వేయడం ఇప్పటికి అవసరం. ఆ బంధువులూ ఇంగ్లీషుకు మారితే, ఈ సీమ పత్రికల్లో తెలుగు లిపి ఎన్నాళ్ళుంటుందన్నది తల్లిదండ్రుల నిర్ణయం మీదే ఆధారపడుతుంది.

తీర్పు

పెండ్లిపత్రిక మూడు పనులు చేస్తుంది. మర్యాద చేస్తుంది, సమాచారం ఇస్తుంది, సాక్ష్యంగా నిలుస్తుంది. వాదన చిక్కుబడడానికి కారణం ఈ మూడింటినీ ఒకే సాధనంతో చేయించాలనుకోవడమే. సమాచారానికి ఫోను కాగితాన్ని ఎప్పుడో దాటేసింది. సాక్ష్యానికి కొద్ది కాగితాలు చాలు. మర్యాద రెండింటిలోనూ లేదు, వెళ్ళి పిలవడంలో ఉంది. రేకు మెరుపులున్న 500 కార్డులను డ్రైవరు చేత పంపించినా అది దక్కదు.

అందుకే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమల్లో పెండ్లి చేయబోయేవారు ముందు పత్రికల సంఖ్య అనుకోవద్దు. పిలవాల్సినవారి జాబితా రాయండి. గడపకు వెళ్ళాల్సినవారి పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టండి. అంతమందికీ, దేవుడికీ, నమోదు ఆఫీసుకూ సరిపడా సాదా కాగితం మీద కన్నడం, తెలుగు రెండూ వేయించండి. మిగతావారికి వాళ్ళ లిపిలో ఫోను పత్రిక పంపి, రిసెప్షన్ ఏ రోజో, ముహూర్తం ఏ రోజో విడిగా రాసి, ఒక్కొక్కరికీ స్వయంగా ఫోను చేయండి. ఇంటి భాషలో రమ్మని పిలవండి.